గాలి తాడు

మొదట వినిపించేది ఆవిరి బుస.

మార్చి మొదటి వారంలో, హార్లన్ ఫాల్స్ ఊళ్ళో సెయింట్ బ్రెండన్ చర్చి పక్కతలుపు తోసుకుని లోపలికి వెళితే, చీకటి నడవ చివరి గదిలోంచి ఆ చప్పుడు వచ్చేది. ఒకసారి బుస్సుమనేది. తర్వాత కాసేపు ఏమీ ఉండేది కాదు. మళ్ళీ బుస్సుమనేది. ఏదో పెద్ద జంతువు చలికాలపు నిద్రలోంచి లేవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉండేది. ఆ వెనకే తడిగుడ్డ వేడెక్కిన వాసన. అన్నిటికంటే ఆఖర్న మనిషి. నల్ల స్వెట్టరు, మోచేతుల పైకి లాక్కున్న చేతులు, బల్ల మీదికి వంగిన తెల్లటి తల.

ఊనా టార్పీ ఆ గదిలో సెయింట్ పాట్రిక్ పతాకాన్ని ఇస్త్రీ చేస్తూ ఉండేది.

ఊళ్ళో మిల్లు నడిచినన్నాళ్ళూ ఆమె ఊలుబట్టకు ఆవిరి పట్టింది. మిల్లు మూతబడ్డాక ఏడాదికి ఒక్కసారి, ఈ ఒక్క గుడ్డకి పట్టింది. పతాకం మనిషి కంటే ఎత్తు. ఒకప్పుడు ఆకుపచ్చ పట్టు. ఇప్పుడది నది అడుగున నాచు పట్టిన రాయి రంగు. మధ్యలో బిషప్ దుస్తుల్లో ఐర్లండు దేశపు పునీతుడు పాట్రిక్, కుడిచెయ్యి పైకెత్తి. ఒక చలికాలం మిల్లులో పని లేనప్పుడు పేటలో ఐరిష్ ఆడవాళ్ళంతా కూర్చుని కుట్టారు. తర్వాతెప్పుడో ఎడమకన్ను పురుగు తినేస్తే ఊనా తల్లి కేట్ మళ్ళీ కుట్టింది. అప్పటినుంచీ పాట్రిక్ ఒక కన్ను వీధిని చూస్తుంది, రెండోది మనల్ని చూస్తుంది.

పతాకానికి రెండు వైపులా రెండు కొయ్యలు. పై మూలల నుంచి రెండు పొడుగాటి తాళ్ళు, చివర్న కుచ్చులు. అంత పెద్ద గుడ్డలోకి మార్చి నెల గాలి దూరిందంటే ఓడ తెరచాపే. కొయ్యలు పట్టుకున్న మగవాళ్ళు వెల్లకిలా పడాల్సిందే. అందుకని ఇద్దరు చెరో పక్కన నాలుగడుగులు ముందు నడుస్తూ ఆ తాళ్ళని బిగపట్టుకోవాలి. వాటిని గాలి తాళ్ళు అనేవారు. కొయ్యలు మగవాళ్ళవి, తాళ్ళు ఆడపిల్లలవి. ఊనా చిన్నపిల్లగా చర్చిలో మొదటిసారి దివ్యప్రసాదం తీసుకున్న ఏడు ఎడమ తాడు పట్టుకుంది. ఇంక వదల్లేదు. ఆమె జీవితంలో పెళ్ళి ఒకసారి వచ్చింది, వైధవ్యం ఒకసారి వచ్చింది. తాడు మాత్రం పతాకం బయటికొచ్చిన ప్రతి ఏడూ వచ్చింది.

పతాకానికి నియమాలు మూడు. సెయింట్ రోజున, పూజ అయ్యాకే గడప దాటాలి. నలుగురు లేకుండా దాటకూడదు. గాలి మరీ ఎక్కువైతే అసలు దాటకూడదు. ఇవి ఎక్కడా రాసి లేవు. రాసి ఉంటే ఎవరో ఒకరు మార్చేవారు.

ఈస్టర్ తర్వాత చర్చి మూసేస్తున్నారని రెండువేల ఎనిమిది జనవరిలో చెప్పారు. పైకప్పు కారుతోంది, జనం లేరు, పక్క ఊరి చర్చిలో కలిపేస్తాం అన్నారు. ఊనా ఏడవలేదు. ఎనభై దాటిన మనిషికి మూతలు కొత్త కాదు. మిల్లు, బేకరీ, రైలుస్టేషను, అన్నీ ఆమె కళ్ళముందే మూతబడ్డాయి. ఆమెకి ఇంక కావలసింది ఒక్కటే. పతాకం ఆఖరిసారి ఆ మెట్లు దిగాలి. పద్ధతి ప్రకారం దిగాలి. వీధి చివర మిల్లు గేటు దాకా వెళ్ళి తిరిగి రావాలి. ఆ తర్వాత దాన్ని చుట్టి ఎక్కడ పెట్టినా ఫరవాలేదనుకుంది.

*

ఆ మెట్లు దిగడం వెనక చాలా కథ ఉంది.

కేట్ పడుచుప్రాయంలో ఐర్లండులోని లీట్రిమ్ నుంచి ఓడెక్కి అమెరికా వచ్చి, కొండ మీద మిల్లు యజమాని ఇంట్లో పనికి కుదిరింది. ఆమె పుట్టినచోట పాట్రిక్ రోజంటే పొద్దున్నే పూజ, పాట్రిక్ గుర్తుగా కోటుకి గుచ్చుకున్న మూడాకుల రెమ్మ, ఈస్టర్ ముందు నలభై రోజుల తపస్సుకాలపు ఉపవాసాల మధ్య ఒక్కరోజు ఊపిరి, సాయంత్రం ఎవరింట్లోనో ఒక ఫిడేలు. ఆ రోజున అక్కడ సారా దుకాణాలకి తాళాలు వేస్తున్నారని తర్వాతి కాలంలో చెల్లెలు ఉత్తరం కూడా రాసింది. అది దేవుడి రోజు. ఇక్కడ యజమానురాలిని ఒక్క గంట సెలవడిగితే, మీ సెయింట్ కోసం మా పొయ్యిలు ఆగవు అన్నదట. కేట్ చీకట్లోనే కొండ దిగి, పూజ చూసుకుని, పొయ్యిలు రాజేసే వేళకి తిరిగి ఎక్కేది. చెల్లెలు తడి నాచులో చుట్టి పంపిన మూడాకుల రెమ్మని రవిక లోపల గుచ్చుకునేది. పైన గుచ్చుకుంటే నవ్వుతారు. అంతకుముందు తరంలోనైతే, ఊరివాళ్ళు పండుగ ముందురోజు పాతలాగులో గడ్డి కూరి, మెడలో బంగాళాదుంపల దండ వేసి, దీపస్తంభానికి వేలాడదీసేవారని చెప్పుకునేవారు. అది పాట్రిక్ బొమ్మట. ఐరిష్ వాడి బొమ్మట.

అప్పటి ఫాదర్ ఒకాయన, మనం ఎంతమందిమో చెప్పడానికి నోళ్ళక్కర్లేదు, కాళ్ళు చాలు అన్నాడు. పతాకం వెనక పేటంతా నడిచింది. పాట లేదు, డప్పు లేదు, బూట్ల చప్పుడు తప్ప. మిల్లు గేటు దగ్గర ఒక రాయి వచ్చి కొయ్య పట్టుకున్న ఊనా తండ్రి నోటికి తగిలింది. పన్ను ఊడింది. ఆయన కొయ్య వదల్లేదు. నోరు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, చొక్కా మీద నెత్తురు కారుతుండగానే వెళ్ళి తిరిగొచ్చాడు. ఇదంతా ఊనా పుట్టకముందు.

ఆ తర్వాత రాళ్ళు ఆగిపోయాయి. రాళ్ళు వేసేవాళ్ళు ఓట్లు లెక్కపెట్టడం నేర్చుకున్నారు. మేయరు పదవికి నిలబడ్డ ఒకాయన ఆకుపచ్చ టై కట్టుకుని వీధి పక్కన నిలబడి టోపీ ఎత్తాడు. మరుసటేడు పతాకం వెనక నడిచాడు. గెలిచాక ముందు నడిచాడు. మిల్లు యజమాని మనవడు పూలబండి ఇచ్చాడు. బళ్ళో పంతులమ్మలు పిల్లలందరిచేతా కాగితం మూడాకులు కత్తిరించారు. ఇటాలియన్లు, పోలిష్ వాళ్ళు, నది అవతలి ఫ్రెంచి వాళ్ళు, అందరూ వచ్చారు. వాళ్ళనీ అనడానికి లేదు. మార్చి అంటే మంచు బురదవుతున్న నెల. చలికాలమంతా తలుపులేసుకుని ఒకరి మొహం ఒకరు చూసి విసిగిన ఊరికి బయటపడడానికి ఏదో వంక కావాలి. ఆ వంక పాట్రిక్ అయ్యాడు. లీట్రిమ్‌లో కేట్ కంటితో చూడని ఉప్పుమాంసం, ఇక్కడ యూదుల కొట్లో చవగ్గా దొరుకుతుందని కాబేజీతో ఉడకేసేది. కొన్నాళ్ళకి అది ఐరిష్ పండుగ భోజనమని హోటళ్ళు బోర్డులు పెట్టాయి. తర్వాత బీరుకి ఆకుపచ్చ రంగు కలిపారు.

ప్రతి కొన్నేళ్ళకీ పతాకం ఒక వరస వెనక్కి జరిగింది. మేయరు వెనక్కి, ఫైరింజన్ల వెనక్కి, బీరు కంపెనీ గుర్రబ్బండి వెనక్కి. పూజకి వచ్చి నడిచేవాళ్ళు పూజ మానేసి తిన్నగా నడకకే వచ్చారు. తర్వాత నడక కూడా మానేసి చూడ్డానికి వచ్చారు. కొయ్యలు పట్టుకునే మగవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. నాలుగేళ్ళ కిందట నలుగురు దొరకలేదని పతాకాన్ని పెట్టెలోనే ఉంచేశారు, అప్పటినుంచీ దానికి ఇస్త్రీయే తప్ప గడప దాటడం లేదు. వీధిలో ఎవరూ అడగలేదు. పండుగ మనదగ్గర్నుంచి ఎప్పుడు వెళ్ళిపోయిందని ఎవరైనా అడిగితే ఊనా చెప్పలేకపోయేది. అరువిచ్చిన కోటు వాళ్ళకే బాగుందని అందరూ అంటుంటే తిరిగి అడగలేకపోయినట్టు, అంతే.

*

ఆ ఏడు, అంటే రెండువేల ఎనిమిదిలో, ఈస్టర్ చాలా తొందరగా వచ్చింది. పాట్రిక్ రోజైన మార్చి పదిహేడు, సోమవారం, ఈస్టర్ ముందరి పవిత్ర వారంలో పడింది. పవిత్ర వారంలో చర్చి ఏ సెయింట్‌కీ పండుగ చెయ్యదు. క్రీస్తు శ్రమల ముందు మిగతా పునీతులంతా పక్కకి తప్పుకోవాల్సిందే. కేట్ కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకసారి అలా జరిగిందట, మళ్ళీ ఇదే. బిషప్ గారు పాట్రిక్‌ని రెండ్రోజులు ముందుకి, శనివారానికి జరిపారు. ఊరేగింపు జరిపే ఊరి కమిటీకి ఇవన్నీ పట్టవు. బండ్లు, బ్యాండ్లు, బీరు, పోలీసులు, అన్నీ సోమవారానికే కుదిరిపోయాయి.

కాబట్టి ఊనాకి సెయింట్ ఒకరోజు, జనం ఒకరోజు దొరికారు. ఆమె సెయింట్‌ని ఎంచుకుంది. జనంతో పని లేదు, నలుగురు చాలు అనుకుంది.

ఎడమ తాడు ఆమెదే. కుడి తాడు ఫాదర్ అన్సెల్మ్ పట్టుకుంటానన్నాడు. ఆయన నైజీరియా వాడు, కుర్రవాడు. ఐర్లండు నుంచి వెళ్ళిన ఫాదర్లు వాళ్ళమ్మమ్మకి జ్ఞానస్నానం ఇచ్చారట. పాట్రిక్ మా దేశానికీ పెద్దదిక్కేనమ్మా, మా ఇంట్లో కూడా ఆయన పటం ఉంది అని ఆయన చెబితే ఊనా మొదట నమ్మలేదు. ఒక కొయ్య గుడిగంట కొట్టే ఆర్మాన్ తిబొదోది. ఆయనకి డెబ్భై దాటినా నడుము గట్టిది. మిగిలింది రెండో కొయ్య.

దానికోసం ఆమె డెక్లన్ దగ్గరికి వెళ్ళింది. డెక్లన్ ఆమె తమ్ముడి కొడుకు, వంతెన పక్కన బారు అతనిదే. ఊరి కమిటీలో కూడా ఉన్నాడు. మంచివాడు. చలికాలంలో ఆమె మెట్ల మీది మంచు తవ్వేది అతనే. మధ్యాహ్నం బారులో ఇద్దరు ముగ్గురే ఉన్నారు. అతను నిచ్చెనెక్కి పైనుంచి ఆకుపచ్చ కాగితపు గొలుసులు వేలాడదీస్తున్నాడు.

"శనివారం పొద్దున్న, పూజ కాగానే," అంది ఊనా. "రెండో కొయ్య నువ్వు పట్టుకోవాలి."

"పండగ సోమవారం కదత్తా."

"సోమవారం పవిత్ర వారంరా. బిషప్ గారు శనివారానికి జరిపారు."

డెక్లన్ నిచ్చెన మీంచే నవ్వాడు. "పండగని జరపడమేంటత్తా? వానొస్తుందని నీ పుట్టినరోజు ముందుకి జరుపుతామా?"

"బిషప్ గారు జరిపినా మా బీరు జరగదులే పెద్దమ్మా," అన్నాడు బల్ల దగ్గర కూర్చున్నవాడు.

"నువ్వు జరగవని నాకు తెలుసులే, ఆ కుర్చీకి వేళ్ళు దిగాయి," అంది ఊనా. బారంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "మీ తాత ఆ కొయ్య పట్టుకుని పన్ను పోగొట్టుకున్నాడు డెక్లన్. ఇదే ఆఖరు."

అతను నిచ్చెన దిగాడు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "వస్తాలే అత్తా. నేను రాకపోతే ఎవరొస్తారు?"

ఆ మాట పట్టుకుని ఆమె వంతెన దాటి ఇంటికి నడిచింది. కింద నదిలో మంచు పలకలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ చప్పుడు ఆమెకి జనం నడుస్తున్నట్టు వినిపించింది.

*

శనివారం తెల్లవారేసరికి గాలి లేదు.

మార్చిలో అలాంటి రోజు అరుదు. పొగగొట్టాల పొగ నిటారుగా లేచి, ఎక్కడికి వెళ్ళాలో తెలియనట్టు అక్కడే నిలబడింది. మిల్లు మీది జెండా కొయ్యకి అతుక్కుపోయింది. ఊనా తన కిటికీలో కుండీలోంచి ఒక మూడాకుల రెమ్మ తుంచి నల్లకోటుకి గుచ్చుకుంది. అమ్మ చెల్లెలు పంపిన ఆఖరి డబ్బాలోంచి నాటిన మొక్క అది. రెమ్మ గోరంత. దగ్గరికొస్తే తప్ప కనిపించదు.

పూజకి పిడికెడు మంది వచ్చారు. వాకర్ పట్టుకున్న ఒకామె, ఆమెని నడిపించే ఆమె చెల్లెలు, వెచ్చదనం కోసం వచ్చి వెనక బల్లలో నిద్రపోయే ఒకాయన, ఊనా, ఆర్మాన్. ఫాదర్ అన్సెల్మ్ పాట్రిక్ గురించి చెప్పాడు. చిన్నప్పుడే బానిసగా అమ్ముడుపోయి, గొర్రెలు కాస్తూ చలిలో ప్రార్థన నేర్చుకుని, తప్పించుకుని కూడా, బానిసగా ఉన్న దేశానికే తిరిగి వెళ్ళినవాడు అని. వెనక బల్లలో గురక వినిపించింది.

పూజ అయింది. అక్కాచెల్లెళ్ళు ఊనా చేతులు నొక్కి, బస్సు వేళయిందని వెళ్ళిపోయారు. ఆర్మాన్ పెద్ద తలుపులు రెండూ తెరిచాడు. ముగ్గురూ పతాకాన్ని కొయ్యలకెక్కించి గడప లోపలే, మెట్లకి ఎదురుగా నిలబెట్టారు. పాట్రిక్ ఒక కన్ను ఖాళీ వీధిని చూసింది.

డెక్లన్ రాలేదు.

కాసేపు చూద్దాం అంది ఊనా. కాసేపు చూశారు. మూలమలుపులో బండి చప్పుడైనప్పుడల్లా ఆర్మాన్ మెడ సాచేవాడు. పాలబండి వచ్చింది. పోలీసు బండి వచ్చింది. సోమవారం కోసం ఇనప కంచెలు దించే లారీ వచ్చి వీధి చివర ఆగింది. ఫాదర్ ఫోను చేశాడు. బారులో ఎవరూ ఎత్తలేదు.

"కొయ్య నేను పట్టుకుంటానమ్మా," అన్నాడు ఫాదర్. "కుడి తాడు వదిలేద్దాం. గాలే లేదు కదా, తాడుతో పనేముంది?"

ఊనా ఆ తాడుని చూసింది. కుచ్చు గడప మీద వాలి ఉంది. "తాడు ఖాళీగా వేలాడుతుంటే వీధిలో అందరికీ తెలుస్తుంది ఫాదర్," అంది.

"వీధిలో ఎవరూ లేరమ్మా."

 మెట్ల పిట్టగోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, కంచెలు దించుతున్నవాళ్ళ దగ్గరికి నడిచింది. జీవితంలో ఆమె బయటివాళ్ళెవర్నీ ఏదీ అడిగిన మనిషి కాదు. భర్త శవపేటిక మొయ్యడానికి కూడా ఎవర్నీ అడగలేదు, వాళ్ళే వచ్చారు. ఇప్పుడు ముక్కూమొహం తెలియని ఒక ఎర్రగడ్డం మనిషి ముందు నిలబడి, ఒక్క తాడు, మిల్లు గేటు దాకా, పావుగంట పట్టుకుంటావా నాయనా అని అడిగింది.

అతను మర్యాదగానే విన్నాడు. చేతితొడుగులు తీసి చర్చి వైపు చూశాడు. "నేను ఐరిష్‌ని కాదమ్మా," అన్నాడు. "మీ వాళ్ళెవరైనా పట్టుకుంటే బాగుంటుంది. నాకు పద్ధతులు తెలియవు."

ఆమె థాంక్స్ చెప్పి తిరిగొచ్చింది. నిద్రపోయినాయన లేచి బయటికొచ్చి, నా మోకాళ్ళు సహకరించవు తల్లీ అని అడక్కుండానే చెప్పి వెళ్ళిపోయాడు. పన్నెండు గంటల గంట కొట్టడానికి ఆర్మాన్ కొయ్య దించాల్సి వచ్చింది. ఆ గంట మోగుతుండగా ఊనా పతాకాన్ని కిందినుంచి పైకి చుట్టడం మొదలుపెట్టింది. చెప్పులు, అంచు, చెయ్యి, గడ్డం. కళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆగి, పట్టు మీద అరచెయ్యి పెట్టింది. ఇస్త్రీ వేడి ఎప్పుడో పోయింది.

ఆ సాయంత్రం ఫాదర్ అన్సెల్మ్, ఆర్మాన్ కలిసి, పవిత్ర వారం పద్ధతి ప్రకారం, చర్చిలో పునీతుల స్వరూపాలన్నిటికీ ఊదా గుడ్డలు కప్పారు.

*

సోమవారం ఊరు పొద్దున్నే పచ్చబడింది.

చర్చి మెట్ల మీద బూట్ల చప్పుడైతే ఊనా పక్కతలుపు తీసింది. డెక్లన్. ఆకుపచ్చ కోటు, ఆకుపచ్చ టోపీ. వెనక మరో అయిదుగురు, ఎడ్లలాంటి మనుషులు, అందరివీ అవే టోపీలు. డెక్లన్ మొహం వెలిగిపోతోంది.

"నలుగురు కావాలన్నావు, ఆరుగురం వచ్చాం చూడత్తా," అన్నాడు. "కమిటీతో మాట్లాడేశాను. అన్నిటికంటే ముందు మనమే. మేయరు కంటే ముందు."

ఊనా గడప పట్టుకుంది. "శనివారం అని చెప్పాను."

"చెప్పావు." అతను గొంతు తగ్గించాడు, స్నేహితులకి వినబడకుండా. "నీకు రోజులు కలిసిపోతున్నాయనుకున్నానత్తా. నీ మనసు కష్టపెట్టడమెందుకని సరే అన్నాను. శనివారం ఎవరూ ఉండరు కదా, సోమవారం అందర్నీ తీసుకొస్తే సంతోషిస్తావని... శనివారం నిలబడ్డావా నువ్వు?"

 అతని మొహంలో వెలుగు నెమ్మదిగా దిగిపోవడం ఊనా చూసింది. అబద్ధం కాదు. నిర్లక్ష్యం కాదు. అతనికి నిజంగానే తెలియదు. పండుగ చర్చిలో పుట్టిందని, చర్చి జరిపితే జరుగుతుందని ఆ పిల్లాడికి చెప్పినవాళ్ళు లేరు. చెప్పవలసినవాళ్ళలో తనూ ఒకతె. అతను పుట్టినప్పటినుంచీ పదిహేడో తారీఖు ఒక్కటే చూశాడు.

వీధి పైనుంచి మొదటి బ్యాండు చప్పుడు వచ్చింది. డప్పులు కిటికీ అద్దాల్లో మోగాయి.

"తియ్యత్తా. ఇదే ఆఖరు కదా. నువ్వే అన్నావు."

పతాకం పెట్టె తాళంచెవి ఆమె జేబులోనే ఉంది. వేళ్ళకి చల్లగా తగులుతోంది. ఆరుగురు మనుషులు, గట్టి భుజాలు, రెండు కొయ్యలూ, రెండు తాళ్ళూ, అన్నిటికంటే ముందు వరస. తండ్రి నడిచిన వరస. ఒక్కసారి ఆమె నడవలోకి తిరిగి చూసింది కూడా. అక్కడ గోడవారన పునీతులందరూ ఊదా గుడ్డల కింద, మొహాలు లేకుండా, నిలబడి ఉన్నారు. పాట్రిక్ కూడా.

"ఈ వారం ఆయన బయటికి రాడురా," అంది.

"ఆయన రాకపోతేనేం, జనం వచ్చారుగా," అన్నాడు డెక్లన్. అనేసి, తను ఏమన్నాడో తనకే వినబడినట్టు టోపీ తీశాడు. స్నేహితులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బ్యాండు దగ్గరికొచ్చేసింది. ఒకడు డెక్లన్ మోచెయ్యి లాగాడు. అతను రెండడుగులు వేసి, వెనక్కి చూసి, మళ్ళీ టోపీ పెట్టుకుని వెళ్ళాడు.

ఇంటికి వెళ్ళాలంటే ఊనా ఆ జనం మధ్యలోంచే నడవాలి. ఊదే బూరలు, ఆకుపచ్చ జుట్లు, మెడల్లో మెరిసే ప్లాస్టిక్ గొలుసులు. అందరికంటే ముందు బండి మీద ఎవడో అట్టతో చేసిన బిషప్ టోపీ, దూది గడ్డం పెట్టుకుని, చేతిలో బీరు గ్లాసుతో దీవెనలిస్తున్నాడు. కంచె దగ్గర శనివారం నాటి ఎర్రగడ్డం మనిషి కనిపించాడు. పచ్చటి టోపీ, చొక్కా మీద "ఈరోజు అందరం ఐరిషే" అని రాత. ఆమెని గుర్తుపట్టి చెయ్యూపాడు. ఆమె కూడా ఊపింది.

ఆ రోజున పచ్చరంగు వేసుకోని వాళ్ళని గిచ్చడం ఊళ్ళో సరదా. ఎవరో వెనకనుంచి ఊనా చెయ్యి గిచ్చారు. తిరిగి చూస్తే బుగ్గల మీద మూడాకులు పూసుకున్న కాలేజీ పిల్ల.

"నల్లకోటేంటి బామ్మా? ఇవ్వాళ పచ్చది వేసుకోవాలి, తెలీదా?" అంది నవ్వుతూ. తన మెడలోని గొలుసు ఒకటి తీసి ఊనా మెడలో వేసింది. "ఇదిగో. ఈ ఒక్కరోజుకి నువ్వూ ఐరిష్‌వి అయిపో."

రెమ్మ కోటు మీదే ఉంది. గోరంత. పిల్ల మంచిదే, చేతులు వెచ్చగా ఉన్నాయి. ఊనా థాంక్స్ చెప్పింది. ఆ గొలుసుతోనే ఇంటిదాకా నడిచి, మూడో అంతస్తు ఎక్కి, కిటికీ తెర వేసింది. డప్పులు తెరకి ఆగలేదు.

*

ఈస్టర్ వెళ్ళాక చర్చికి తాళం పడింది. ఫాదర్ అన్సెల్మ్‌ని వేరే ఊరికి పంపారు. బల్లలు ఒక హోటల్ వాళ్ళు కొన్నారు, గంటని ఎవరు కొన్నారో ఆర్మాన్‌కి కూడా తెలియదు. పతాకాన్ని డెక్లన్ కొన్నాడు. పారేస్తారేమోనని, ఎవరి చేతుల్లోనో పడుతుందేమోనని అడిగిన ధర ఇచ్చి తెచ్చాడు. అద్దం పెట్టి చట్రం కట్టించి బారులో టీవీకి పైన బిగించాడు. ఆటల మధ్యలో జనం దాన్ని ఫొటోలు తీసుకుంటారు. అత్తని తీసుకెళ్ళి చూపించాలని అతను చాలాసార్లు అడిగాడు. మెట్లు ఎక్కలేను అనేది ఆమె. బారుకి మెట్లు లేవు.

తర్వాత ఇంటి మెట్లు కూడా నిజంగానే ఎక్కలేకపోయింది. కొండ మీద సిస్టర్ల వృద్ధాశ్రమంలో చేరింది. కేట్ పొయ్యిలు రాజేసిన యజమాని ఇల్లే అది, ఇప్పుడు సిస్టర్లది. కిటికీలో మూడాకుల కుండీ, కింద నది. మధ్యాహ్నాలు ముసలివాళ్ళకి పేపరు చదివి వినిపించడానికి వచ్చే మనిషికి ఈ సంగతులన్నీ ఆమె చెప్పింది. ఒక్కసారిగా కాదు, ముక్కలు ముక్కలుగా, ఒక్కోసారి వార్త మధ్యలో ఆపించి. శనివారం గురించి మాత్రం ఒక్కసారే చెప్పింది. ఆర్మాన్‌ని అడిగితే అతనూ అదే చెప్పాడు. ఇంకొకటి కూడా చెప్పాడు. తను కొయ్య దించుతుంటే ఆమె ఖాళీ తాడు కుచ్చుని వేళ్ళతో దువ్విందట, అది చూసే తను గంట తాడు దగ్గరికి వెళ్ళిపోయాడట.

ఇదంతా రాసుకుంటాను, ఫరవాలేదా అని పేపరు చదివే మనిషి ఒక గురువారం అడిగితే ఆమె కిటికీ వైపు చూసింది. బయట చెట్ల కొమ్మలు కదలడం లేదు. మళ్ళీ వారం వెళ్ళేసరికి ఆ గదిలో పరుపు మడిచి ఉంది, కుండీని ఎవరో నడవలోకి జరిపారు. ఆ గురువారం ఆమె చివరగా అన్న మాట ఇది.

"రాస్తే రాయి. శనివారం సంగతి వచ్చినప్పుడు మాత్రం, గాలి బాగా ఎక్కువగా ఉందని రాయి. అందుకే పతాకాన్ని మెట్లు దించలేదని."